పత్తి కట్టె నుంచి ఇంధనం

(మహిళల కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగం)



కట్టెల పొయ్యి మీద వండిన వాళ్ళందరికీ ఒక సంగతి తెలుసు. పచ్చి కట్టె పెడితే ముందు ఇల్లంతా పొగ కమ్ముతుంది. కళ్ళు మండుతాయి. ఊదుగొట్టం తీసుకుని నాలుగుసార్లు గట్టిగా ఊదితే ఉన్నట్టుండి గుప్పున మంట లేస్తుంది. అంతసేపూ మన కళ్ళల్లో నీళ్ళు తెప్పించిన పొగే అలా మంటయి లేస్తుందన్న మాట. నిజానికి పొయ్యిలో మంటగా మండేది కట్టె కాదు, వేడికి కట్టెలోంచి బయటికొచ్చే వాయువులు. అవి మండిపోగా మిగిలేది బొగ్గు. బొగ్గు కాలిపోగా మిగిలేది బూడిద.

ఇంత చిన్న సంగతి మీద ఒక పెద్ద పరిశ్రమ ఆధారపడి ఉంది. ఆ వాయువుల్ని మండనివ్వకుండా పట్టి, శుభ్రం చేసి, నీళ్ళలాంటి ద్రవంగా మారిస్తే మిథనాల్ అనే ఇంధనం వస్తుంది. పత్తి కట్టె, కంది కట్టె, మిరప కట్టె, ఊక, చెరకు పిప్పి, మొక్కజొన్న బెండ్లు, ఏదైనా పనికొస్తుంది. ఈ వేళ దాన్ని గురించే నాలుగు మాటలు చెబుతాను.

"ఇంజనీర్ల గొడవ మనకెందుకమ్మా" అనుకుంటున్నారేమో. పత్తి ఏరిన తరవాత ఆ కట్టె పీకేది ఎవరు? మోపు కట్టి నెత్తిన పెట్టుకుని ఇంటికి తెచ్చేది ఎవరు? పొయ్యిలో పెట్టేది ఎవరు? ఆడవాళ్ళే కదా! ఆ కట్టెకి ధర వస్తే మొదట తేడా తెలిసేది మన పొయ్యి దగ్గరే. అందుకని ఈ సంగతి మనం తెలుసుకుని తీరాలి. నేనూ పదో తరగతితో చదువు ఆపినదాన్నే. నాకు అర్థమైనంత వరకు, మనకి తెలిసిన మాటల్లోనే చెబుతాను.

ముందు పేరు సంగతి చూద్దాం. పెట్రోల్లో ఇప్పుడు కలుపుతున్నది ఇథనాల్. అది చెరకు నుంచి, మొక్కజొన్న, నూకల వంటి గింజల నుంచి పులియబెట్టి తీసేది. మిథనాల్ వేరు. పేర్లు అప్పచెల్లెళ్ళ పేర్లలాగా ఉన్నా గుణాలు వేరు. మిథనాల్ గొంతు దిగితే విషం. ఆ విషయానికి తరవాత వస్తాను. పూర్వం దీన్ని వుడ్ స్పిరిట్, అంటే కర్ర నుంచి తీసిన స్పిరిట్ అనేవారు. మిథైల్ అన్న మాట కూడా గ్రీకు భాషలో మద్యం, కర్ర అన్న రెండు మాటలు కలిసి వచ్చిందే.

కర్ర నుంచి దీన్ని తీయటం కొత్త విద్య కాదు. 1661లో ఇంగ్లండులో రాబర్ట్ బాయిల్ అనే శాస్త్రవేత్త కర్రను బట్టీ పట్టి దీన్ని వేరు చేశాడు. 1834లో ఫ్రాన్సులో డ్యూమా, పెలిగో అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఇందులో ఏమేం ఉన్నాయో తేల్చారు. గాలి తగలని ఇనుప పాత్రలో కర్రను కాలిస్తే బొగ్గు మిగులుతుంది. బయటికొచ్చే ఆవిరిని చల్లబరిస్తే తారు, వెనిగర్లో ఉండే ఆమ్లం, కొద్దిగా మిథనాల్ వస్తాయి. నూరు కిలోల కర్రకి వచ్చే మిథనాల్ కిలో, మహా అయితే రెండు కిలోలు.

ఈ పని మన పొరుగునే జరిగింది. మైసూరు సంస్థానంలో భద్రావతి దగ్గర 1923లో ఇనుప కర్మాగారం మొదలైంది. దాని పేరే మైసూరు వుడ్ డిస్టిలేషన్ అండ్ ఐరన్ వర్క్స్. ఇనుము కరిగించటానికి కర్రబొగ్గు కావాలి. ఆ బొగ్గు తయారయ్యేటప్పుడు వచ్చే పొగను ఊరికే పోనివ్వకుండా అందులోంచి మిథనాల్ వంటి సరుకులు తీసేవారు. ఆ కర్మాగారానికి పెద్దదిక్కుగా నిలబడినవారు మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారు. 1908 మూసీ వరదల తరవాత హైదరాబాదు కోసం చెరువుల పథకం ఇచ్చిన మహానుభావుడు ఆయనే.

చిత్రమేమిటంటే, సరిగ్గా అదే 1923లో జర్మనీలో బి.ఎ.ఎస్.ఎఫ్. అనే కంపెనీ మరో దారి కనిపెట్టి ఫ్యాక్టరీ నడపటం మొదలుపెట్టింది. రాతిబొగ్గు నుంచి వాయువులు తీసి, వాటిని గట్టి వత్తిడిలో కలిపి, టన్నులకొద్దీ మిథనాల్ చేసింది. చవగ్గా వచ్చే ఆ సరుకు ముందు కర్ర మిథనాల్ నిలవలేకపోయింది. ఈనాటికీ ప్రపంచంలో మిథనాల్ ఎక్కువగా సహజవాయువు నుంచి, చైనాలో రాతిబొగ్గు నుంచి వస్తోంది. మన దేశం వాడే దాంట్లో చాలా భాగం దిగుమతి సరుకే.

ఇప్పుడు మళ్ళీ కట్టె వైపు ఎందుకు చూస్తున్నారంటారా? భూమిలోంచి తవ్వి తీసిన బొగ్గు, నూనె కాల్చినకొద్దీ గాలిలో బొగ్గుపులుసు వాయువు పెరిగిపోతోంది. పత్తి మొక్క అలా కాదు. అది పెరిగేటప్పుడు గాలిలోంచి తీసుకున్న దాన్నే, కాలేటప్పుడు మళ్ళీ గాలికి అప్పజెబుతుంది. అదీగాక, ఏరటం అయిపోయాక పత్తి కట్టెను చాలాచోట్ల చేలోనే తగలబెడుతున్నారు. ఆ మంట వల్ల ఎవరికీ అన్నం ఉడకదు, ఊరి నిండా పొగ తప్ప. మన దేశంలో అన్ని అవసరాలూ తీరాక ఏటా 23 కోట్ల టన్నుల దాకా పంట వ్యర్థాలు మిగులుతున్నాయని హైదరాబాదులోని అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజీ వారు కేంద్రప్రభుత్వం కోసం చేసిన అధ్యయనంలో అంచనా కట్టారు.

మరి కట్టె ద్రవం ఎలా అవుతుంది? మొదటి మెట్టు మన పెద్దవాళ్ళు ఎరిగినదే. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో పెట్రోలు దొరక్క బస్సులు బొగ్గుతో నడిచాయి. బస్సు వెనకాల పీపాలాంటి పొయ్యి ఒకటి బిగించేవారు. అందులో బొగ్గును పూర్తిగా కాలనివ్వకుండా, చాలీచాలని గాలితో రాజేసి, వచ్చిన వాయువును ఇంజనుకి పంపేవారు. బొగ్గు బస్సుల కథలు మీ ఇళ్ళల్లోనూ విని ఉంటారు.

మిథనాల్ ఫ్యాక్టరీలోనూ అంతే. ఆరబెట్టి ముక్కలు చేసిన కట్టెను 800 డిగ్రీలు, ఆ పైన వేడిలో, కొద్దిపాటి ఆక్సిజన్, నీటి ఆవిరి మాత్రం ఇచ్చి మగ్గబెడతారు. కట్టె మంటగా మండకుండా వాయువుగా మారిపోతుంది. అందులో ముఖ్యమైనవి రెండు: కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోజన్. ఆ వాయువుతో వచ్చే తారును, దుమ్మును, గంధకాన్ని తీసెయ్యాలి. పొయ్యి మీద అటకకి పట్టే జిడ్డు మసి ఎలాంటిదో మనకి తెలుసు కదా, ఈ తారు దానికి పెద్దన్న. అది వదిలించటమే అన్నిటికన్నా కష్టమైన పని. తరవాత ఒక పాలు కార్బన్ మోనాక్సైడుకి రెండు పాళ్ళు హైడ్రోజన్ ఉండేలా సరిచూస్తారు.

ఆ తరవాతది వత్తిడి. మన ప్రెషర్ కుక్కర్లో వత్తిడి బయటి గాలి వత్తిడికి సుమారు రెట్టింపు ఉంటుంది. ఇక్కడ 50 నుంచి 100 రెట్లు! వేడి 250 డిగ్రీల అటూ ఇటూ. అంత వత్తిడిలో ఆ వాయువును ఒక మందు మీదుగా పోనిస్తారు. ఆ మందులో ముఖ్యంగా ఉండేది రాగి, జింకు. అంటే మన ఇత్తడి బిందెలో ఉండే రెండు లోహాలే. పాలకి తోడులాగా అది పని జరిపిస్తుంది, కాని తోడులాగా పెరుగులో కలిసిపోదు, అక్కడే ఉండిపోతుంది. వాయువులు కలిసి మిథనాల్ ఆవిరి అవుతుంది. మూత మీద ఆవిరి చుక్కలు కట్టినట్టు, చల్లబడగానే ద్రవం చేతికొస్తుంది. బాగా నడిచే ఫ్యాక్టరీలో టన్ను ఎండు కట్టెకి 400 నుంచి 500 కిలోల దాకా మిథనాల్ రాబట్టవచ్చు. వెనకటి బట్టీతో పోలిస్తే ఎంత తేడానో చూడండి.

ఇది విని, "అయితే మనం ఇంటి దగ్గరే చేసుకోవచ్చా?" అని అడగబోతారేమో. చేసుకోకూడదు. పశువులుంటే గోబర్ గ్యాస్ ఇంటి దగ్గర చేసుకోవచ్చు, మిథనాల్ మాత్రం కాదు. ఆ వత్తిడి తట్టుకునే పాత్ర ఇంట్లో ఉండదు. పైగా కార్బన్ మోనాక్సైడ్ వాసనైనా లేకుండా ప్రాణం తీసే వాయువు. తలుపులు మూసిన గదిలో కుంపటి పెట్టుకుని పడుకుంటే తెల్లారేసరికి మనిషి లేవకపోవటానికి కారణం అదే. ఫోనుల్లో ఎవరో చేసి చూపించారని పిల్లలు ప్రయోగాలకి దిగితే దయచేసి ఆపండి.

మన దగ్గర ఈ విద్య ఎంతవరకు వచ్చిందంటే, హైదరాబాదులో బి.హెచ్.ఇ.ఎల్. వారు 2021లో బూడిద ఎక్కువగా ఉండే మన రాతిబొగ్గు నుంచి రోజుకి పావు టన్ను మిథనాల్ చేసే చిన్న ఫ్యాక్టరీ నడిపి చూపించారు. అది కట్టెతో కాదు, రాతిబొగ్గుతో. అయినా వాయువు చేయటం, శుభ్రపరచటం, మిథనాల్‌గా మార్చటం అనే మూడు మెట్లూ అవే. స్వీడన్ దేశంలో సోద్రా అనే కంపెనీ, కాగితపు గుజ్జు చేసేటప్పుడు కర్రలోంచి వచ్చే మిథనాల్‌ను శుద్ధిచేసి అమ్మే ఫ్యాక్టరీ 2020లో మొదలుపెట్టింది. దాని సత్తా ఏడాదికి 5,000 టన్నులు. 2023లో ఇలాంటి హరిత మిథనాల్‌తో నడిచే మొదటి కంటెయినర్ ఓడ సముద్రం మీదికొచ్చింది. అన్ని దేశాలూ చూస్తున్నాయి కాని, సహజవాయువుతో చేసిన దానికంటే కట్టెతో చేసినదానికి ఖర్చు ఎక్కువ. ఆ ఖర్చు తగ్గించుకోవాలని ఫ్యాక్టరీవాడు చూసినప్పుడు ముందు కోత పడేది కట్టెకి ఇచ్చే ధర మీదే. ఈ మాట గుర్తుంచుకోండి.

ఇప్పుడు విషం సంగతి. మిథనాల్ చూడటానికి అచ్చం మంచినీళ్ళే. 10 మిల్లీలీటర్లు, అంటే రెండు టీ చెంచాలు కడుపులోకి పోతే చూపు పోవచ్చు. 30 మిల్లీలీటర్లకి ప్రాణమే పోవచ్చు. తాగిన మనిషి మొదట్లో బాగానే ఉన్నట్టు కనపడతాడు. గంటలు గడిచాక వాంతులు, కడుపునొప్పి, కళ్ళముందు మంచు కమ్మినట్టు మసక మొదలవుతాయి. మిథనాల్ ఒంట్లో ఫార్మిక్ ఆమ్లంగా మారి కంటి నరాన్ని దెబ్బతీస్తుంది. దీనికి ఆసుపత్రిలో విరుగుడు ఉంది, కాని వేళ మించకుండా వెళ్ళాలి. ఇంటివైద్యాలతో పొద్దు పుచ్చకూడదు. 2019 ఫిబ్రవరిలో అస్సాం తేయాకు తోటల్లో కల్తీ సారా తాగి 150 మందికి పైగా పోయారు. 2024 జూన్‌లో తమిళనాడు కళ్ళకురిచ్చిలో మిథనాల్ కలిసిన సారాకి 60 మందికి పైగా బలయ్యారు. ఫ్యాక్టరీ నుంచి దొంగదారిన బయటికొచ్చిన డబ్బా ఎన్ని ఇళ్ళల్లో ఆడవాళ్ళను దిక్కులేని వాళ్ళను చేసిందో ఆలోచించండి.

మిథనాల్‌తో వంట చేయటం కూడా మొదలైంది. 2018 అక్టోబరులో అస్సాంలో నామ్‌రూప్ దగ్గరి అస్సాం పెట్రోకెమికల్స్ వారు 500 ఇళ్ళకి మిథనాల్ పొయ్యిలు ఇచ్చే కార్యక్రమం ప్రారంభించారు. 1.2 లీటర్ల డబ్బాలో ఇంధనం వస్తుంది, పైపూ రెగ్యులేటరూ అక్కర్లేదు. అది సహజవాయువు నుంచి చేసిన మిథనాల్. మసి పట్టదు, పొగ రాదు. పొరపాటున మంట రేగితే నీళ్ళు పోసి ఆర్పవచ్చు, ఎందుకంటే అది నీళ్ళలో కలిసిపోతుంది. ఇవన్నీ మంచి గుణాలే. కాని దాని మంట పట్టపగలు కంటికి ఆనదు. ఆరిందనుకుని చెంగు అడ్డం పెట్టి గిన్నె దింపబోతే ఏమవుతుంది? పైగా దాని వేడి తక్కువ. మన 14.2 కిలోల గ్యాసు సిలిండరు ఇచ్చే వేడి రావాలంటే సుమారు 40 లీటర్ల మిథనాల్ కావాలి. కూల్‌డ్రింకు సీసాల్లో కిరసనాయిలు పోసి గూట్లో పెట్టే అలవాటున్న ఇళ్ళు మనవి. అందుకని నా మటుకు నాకు, మిథనాల్ ఉండవలసిన చోటు ఓడలు, ఇంజన్లు, ఫ్యాక్టరీలు. ఎప్పుడైనా వంటింటికి రావలసి వస్తే సీలు విప్పటానికి వీల్లేని డబ్బాలోనే రావాలి, లీటర్ల లెక్కన విడిగా అమ్మే సరుకుగా రాకూడదు.

ఇక కట్టె ఎవరిది అన్న ప్రశ్న. పత్తి చేలల్లో కూలికి వెళ్ళే ఒకావిడతో ఈ మాట ఎత్తితే ఆవిడ ఇలా అంది: "మా ఊళ్ళో కట్టె పీకినందుకు డబ్బులివ్వరమ్మా. పీకి చేను శుభ్రం చేసినందుకు ఆ కట్టె మమ్మల్ని తీసుకుపొమ్మంటారు. ఏడాది పొడుగునా నీళ్ళు కాగేది దాంతోనే. దానికీ ఫ్యాక్టరీ వాళ్ళు డబ్బులిస్తే ఇంక మమ్మల్నెందుకు పొమ్మంటారు?"

ఈ ప్రశ్నకి జవాబు చెప్పకుండా ఫ్యాక్టరీ పెట్టకూడదు. 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో దీపం పథకం వచ్చింది. 2016లో ఉజ్జ్వల వచ్చింది. గ్యాసు పొయ్యి చాలా ఇళ్ళకి చేరింది. అయినా సిలిండరు ధర చూసి టీకి, కూరకి గ్యాసు వాడి, నీళ్ళకి, అన్నానికి కట్టెల పొయ్యి వెలిగించే ఇళ్ళు ఎన్ని లేవు! ఊక సంగతి మనం చూశాం. ఒకప్పుడు మిల్లు దగ్గర అడిగితే బస్తాకెత్తి ఇచ్చేవారు, ఊక పొయ్యిల్లో కూరి వండుకునేవాళ్ళం. బాయిలర్లు, కరెంటు ఫ్యాక్టరీలు కొనటం మొదలయ్యాక ఊకకి ధర వచ్చింది. ఊరికే ఇచ్చేవాళ్ళు పోయారు.

ఒక్కసారి లెక్క వేద్దాం. రోజుకి 100 టన్నుల మిథనాల్ చేసే ఫ్యాక్టరీకి, టన్నుకి 400 కిలోల లెక్కన, రోజుకి 250 టన్నుల ఎండు కట్టె కావాలి. ఎకరానికి టన్ను కట్టె వస్తుందనుకుంటే, ఏడాదిలో 300 రోజులు నడవటానికి 75,000 ఎకరాల పత్తి కట్టె. అదంతా వేసవి లోపల పీకాలి, ఆరబెట్టాలి, వానకి తడవకుండా, నిప్పు పడకుండా దాచాలి. కట్టె తేలిక, చోటు ఎక్కువ పడుతుంది. ట్రాక్టరుకి రెండు టన్నుల చొప్పున తోలినా రోజుకి 125 ట్రాక్టర్లు. అంటే ఇది ఒక ఇంజనీరు చేసే పని కాదు, వేలమంది చేతులు పడాలి. ఆ చేతులు ఎవరివో మళ్ళీ చెప్పక్కర్లేదు.

తెలంగాణలో ధాన్యం కొనే ఐ.కె.పి. కేంద్రాలను మహిళా సంఘాలే నడుపుతున్నాయి. తూకం, తేమ చూడటం, లెక్క రాయటం అన్నీ మన ఆడవాళ్ళకి వచ్చు. కట్టె కొనే కేంద్రాలు కూడా వాళ్ళకే ఎందుకు ఇవ్వకూడదు? పీకిన మనిషికి పీకిన కూలి, మోపుకి మోపు ధర ఆమె పేరు మీదే పడాలి. ఇంట్లో వాడుకునే మోపు ముందు తీసి పక్కన పెట్టాకే మిగిలింది ఫ్యాక్టరీకి పోవాలి. వరిగడ్డి, జొన్న చొప్ప జోలికి రాకూడదు. అవి పశువుల నోటి దగ్గరివి. ఫ్యాక్టరీలో మిగిలే బూడిదలో పొటాష్ ఉంటుంది. దాన్ని రోడ్డు పక్కన పోయకుండా తిరిగి చేలకి పంపాలి. చేలో కొంత ఆకూ అలమూ వదిలెయ్యాలి, లేకపోతే నేల చౌడుబారినట్టు సత్తువ కోల్పోతుంది.

ఈ పని ఇష్టం లేక ఇన్ని షరతులు చెప్పటం లేదు. చేలో ఊరికే తగలబడే కట్టె ఓడను నడిపిస్తుందంటే నాకూ సంతోషమే. కాని మీ ఊళ్ళో కట్టె ఫ్యాక్టరీ పెడతామని గ్రామసభ పెట్టినప్పుడు వెనక వరసలో కూర్చోకండి. ధర ఎంత, ఎవరి చేతికిస్తారు, ట్యాంకులకి తాళం ఎవరి దగ్గర ఉంటుంది, అన్న మూడు మాటలూ అడగండి. కట్టె మోసిన వాళ్ళకి ఆ మాత్రం అడిగే హక్కు ఉంది.